వదిన నేర్చుకున్న పరీక్ష పాట

మా వదిన ముప్పై రెండేళ్లు టైపిస్టుగా పనిచేసింది. అన్నేళ్లలో ఆమె బొటనవేళ్లు చేసిన పని ఒక్కటే, మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదలడం. మిగతా ఎనిమిది వేళ్లూ గొడ్డుచాకిరీ చేస్తుంటే ఈ రెండూ కొత్తల్లుళ్లలా దర్జాగా కూర్చున్నాయని తనే నవ్వేది. అలాంటి వేళ్లతో, ఉద్యోగం నుంచి దిగిపోయాక, ఒక పాత పియానో పాటని కలింబా అనే చిన్న చెక్క వాయిద్యం మీద నేర్చుకుంది. ఎందుకు నేర్చుకుందో, నేర్చుకుని ఏం సాధించిందో చెప్పగలిగినవాణ్ని ఇప్పుడు నేనొక్కణ్నే మిగిలాను. నేను బస్సు కండక్టరుగా చేసినవాణ్ని. సంగీతంలో నా పాండిత్యం హారను దగ్గర మొదలై హారను దగ్గరే ఆగిపోయింది. చెప్పడంలో పొరపాట్లుంటే సర్దుకోండి. ముక్కు మీద కోపం ఉన్నవాణ్నని మా ఇంట్లో నాకో పేరుండేది. అందులో మాత్రం పొరపాటు లేదు.

మా అన్నయ్య పియానోలు శ్రుతి చేసేవాడు. శ్రుతి చేసేవాడంటే వాయించేవాడు కాదు. ఈ తేడా తెలియక జనం అతన్ని జీవితాంతం "ఏదీ, ఏదైనా వాయించండి" అని అడుగుతూనే ఉన్నారు. అన్నయ్య గంభీరంగా "నేను గిన్నెలు తోమేవాణ్నండీ, వంటవాడు వేరే వస్తాడు" అనేవాడు. నిజంగానే అతనికి వచ్చింది ఒకే ఒక్క పాట, అదీ సగం. రెండు వందల ఏళ్ల కిందట ఎవరో పియానో కోసం కట్టినదట. శ్రుతి చేయడం పూర్తయ్యాక కింది మెట్ల నుంచి పై మెట్ల దాకా అన్నిటినీ ఒకసారి తడిమి చూడటానికి ఆ సగం సరిపోతుందని అతని గురువు నేర్పాడు. ఆ గురువుకి అతని గురువు నేర్పాడు. పేరేమిటో ఎవరికీ తెలియదు, మిగతా సగం ఎలా ఉంటుందో ఎవరూ అడగలేదు. మా ఇంట్లో దాన్ని పరీక్ష పాట అనేవాళ్లం.

చెప్పులు కుట్టే దుకాణం మీద రెండు గదులు మావి. ముందు గదిలో ఎప్పుడూ ఎవరిదో ఒక పియానో పొట్ట విప్పుకుని నిలబడి ఉండేది. మరమ్మతు అయితే అది వెళ్లిపోయేది, వారం తిరక్కుండా ఇంకోటి వచ్చేది. అమ్మా నాన్నా పోయాక అన్నయ్యే నన్ను సాకాడు. దుప్పటి కిందికి ఫెల్టు బట్ట ముక్కలు, చొక్కా జేబులోకి తెగిన తీగ కొసలు వచ్చి చేరేవి. తోలు వాసన కింద నుంచి, జిగురు వాసన ఇంట్లోంచి. ఆ రెండు వాసనలూ కలిసి ఎక్కడైనా తగిలితే ఇప్పటికీ నాకు పదిహేనేళ్లే.

నాకు ఆ పదిహేనేళ్లప్పుడే వదిన వచ్చింది. ఊళ్లో ఉన్న పెద్ద కచేరీ హాలు ఆఫీసులో ఆమె టైపిస్టు. మూడు నెలలకోసారి అన్నయ్య అక్కడి పియానో శ్రుతి చేయడానికి వెళ్లేవాడు. గోడకి అవతల ఆమె టైపు కొట్టుకునేది. ఒకరోజు ఆ పరీక్ష పాట వింటూ వింటూ ఒకే వాక్యాన్ని రెండుసార్లు కొట్టేసింది. మేనేజరు చివాట్లు పెట్టాడు. ఆమె నేరుగా హాల్లోకి వెళ్లింది. పియానోలో తల దూర్చి ఉన్న మనిషి వీపు కనిపించింది.

"ఏవండీ, మీ వల్ల నేను ఒకే వాక్యం రెండుసార్లు కొట్టాను."

అన్నయ్య తల బయటికి తీయకుండానే అడిగాడు. "ఏ వాక్యం?"

"'సవినయంగా మనవి చేసుకుంటున్నాను' అని."

"అయితే ఇంకోసారి చేసుకుంటే తప్పేముంది?"

ఆ మరుసటి ఏడే పెళ్లయింది. ఈ కథని వదిన చెప్తే అన్నయ్య తల బయటికి తీశాడు, అన్నయ్య చెప్తే తీయలేదు. దానిమీద వాళ్లు ముప్పై ఏళ్లు పోట్లాడుకున్నారు.

పరీక్ష పాట మా ఇంటి పాటైపోయింది. వదిన గిన్నెలు కడుగుతూ కూనిరాగం తీసేది, నేను మెట్లు దిగుతూ ఈల వేసేవాణ్ని. అందులో ఒకచోట ఒకే స్వరం మూడుసార్లు వస్తుంది. మెల్లగా సాగుతున్న పాట అక్కడ ఆగి, టక్ టక్ టక్ మని తలుపు తట్టినట్టు తట్టి, మళ్లీ నడక సాగిస్తుంది. మా ముగ్గురికీ అదే ఇష్టమైన చోటు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఆ పాట పాడుకుంటూ సరిగ్గా అక్కడికి వచ్చేసరికి బస్సు రేకు మీద మూడు దెబ్బలు కొట్టాను. మూడు దెబ్బలంటే వెంటనే ఆపమని. డ్రైవరు బ్రేకు తొక్కాడు, నిలబడ్డవాళ్లంతా కూర్చున్నవాళ్ల ఒళ్లోకి వచ్చారు. ఆ వారం నన్ను డిపోలో భాగవతారుగారూ అని పిలిచారు. అది విని వదిన నేలమీద కూలబడి నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకోసారి బ్రేకు తొక్కించడానికైనా నేను సిద్ధమే.

నాకు పెళ్లయి పక్క వీధికి మారాను. వాళ్లకి పిల్లలు లేరు. ఏళ్లు గడిచాయి. అన్నయ్యకి యాభై ఎనిమిది దాటాక అతని చెవి మెల్లగా మోసం చేయడం మొదలుపెట్టింది. మొదట పోయినవి పై స్వరాలు. పిలిస్తే పలికేవాడు, కానీ టీ కెటిల్ ఈల వినబడేది కాదు. మాకు తట్టలేదు. అతనికి తట్టిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి. తట్టినా ఒప్పుకునేవాడు కాదు.

హాలుకి బయటి ఊరి నుంచి ఒక విద్వాంసురాలు వచ్చింది. రిహార్సలుకి కూర్చుని, పై మెట్లు నాలుగు నొక్కి, చేతులు తీసేసింది. పై వరస మొత్తం ఉండాల్సిన దానికంటే పైకి ఎక్కిపోయి ఉంది. వినబడనివాడు వినబడేదాకా తిప్పుకుంటూ పోయాడు మరి. ఇంకో ట్యూనర్ని పరుగున పిలిపించారు. రెండు రోజుల తర్వాత మేనేజరు ఒక ఉత్తరం చెప్పి రాయించాడు. ఇన్నేళ్ల సేవలకు కృతజ్ఞతలు, ఇకపై మీరు రానవసరం లేదు అని. ఎవరికి చెప్పి రాయించాడు? టైపిస్టుకి. హాల్లో టైపిస్టు ఎవరు? మా వదిన.

ఆ మేనేజరు చెడ్డవాడు కాదు. "వేరే ఎవరిచేతనైనా కొట్టిస్తానమ్మా" అన్నాడట. వదిన వద్దంది. "ఆయనకి తప్పుల్లేని ఉత్తరం వెళ్లాలి" అందట. కొట్టింది. కొట్టి, చేతిసంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. ఇవ్వలేకపోయింది. మర్నాడు దాన్ని తిరిగి తీసుకెళ్లి తపాలా డబ్బాలో వేసింది, ఇల్లూ ఆఫీసూ మధ్య దూరం పదిహేను నిమిషాలైనా. రెండు రోజులకి పోస్టుమాన్ తెచ్చిచ్చాడు. అన్నయ్య చదివాడు. ఆ ఆఫీసు మిషన్లో ఒక అక్షరం వరస కంటే వెంట్రుకవాసి పైకి పడేది. వదిన ఏళ్ల తరబడి దాన్ని తిట్టుకుంటూ ఉండేది కాబట్టి అది అన్నయ్యకి తెలుసు.

"నువ్వే కొట్టావు కదూ" అన్నాడు.

"అవును."

"బాగా కొట్టావు. ఒక్క తప్పు లేదు."

అంతే అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేదని వదిన నాతో చాలాసార్లు అంది. ఆ తర్వాత అతను బడుల్లో పియానోలు చూసే పనీ మానేశాడు, ఇంట్లో ఉన్న పియానోని దాని సొంతదారులకి పంపేశాడు, పనిముట్ల సంచీ మూతి బిగించి బీరువా మీదికి ఎక్కించాడు. చెవి మిషను కొనిస్తే రెండు రోజులు పెట్టుకుని, సీసాలో మేకులు వేసి ఊపినట్టుందని సొరుగులో పడేశాడు. ఉలుకూ పలుకూ లేకుండా కిటికీ దగ్గర కూర్చునేవాడు. మాట వినబడటం తగ్గేకొద్దీ వదిన ఇంట్లోకి ఒక పాత టైపు మిషను కొని, చెప్పాల్సినవి దానిమీద కొట్టి ఇచ్చేది. "భోజనానికి రండి." "గొడుగు తీసుకెళ్లండి." "మీ తమ్ముడు వచ్చాడు, కాస్త నవ్వండి." అలాంటి చీటీలు ఇంటినిండా ఉండేవి.

ఇంకో రెండేళ్లకి ఆమె రిటైరైంది. ఆ వారమే అన్నయ్యని బలవంతంగా చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. డాక్టరు రెండు కొమ్ముల ఉక్కు కడ్డీ ఒకటి మోచేతికి కొట్టి అన్నయ్య చెవి పక్కన పట్టుకున్నాడు. అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. అదే కడ్డీ కాడని చెవి వెనక ఎముకకి ఆనించాడు. అన్నయ్య ఉలిక్కిపడి తలెత్తాడు. శ్రుతి చూసుకోవడానికి అలాంటి కడ్డీనే అతను నలభై ఏళ్లు పళ్ల మధ్య పట్టుకుని పనిచేశాడు. పాత స్నేహితుడెవరో పేరు పెట్టి పిలిచినట్టుంది అతని మొహం.

"చెవి దారి మూసుకుపోయినట్టేనండీ. ఎముక గుండా కొంచెం మిగిలింది. అదీ తగ్గుతోంది, మహా అయితే ఏడాది" అన్నాడు డాక్టరు, అన్నయ్య వైపు చూడకుండా వదినతో.

 మర్నాడు వదిన వాయిద్యాల కొట్టుకి వెళ్లి, "తలకి ఆనించి వాయించే వాయిద్యం ఏదైనా ఉందా?" అని అడిగిందట. కొట్టువాడు ఆమె వంక ఎగాదిగా చూసి, వయొలిన్ చూపించి, అది తలకి కాదు గడ్డానికి అని తనే తీసి పక్కన పెట్టి, చివరికి ఒక చెక్క పెట్టె చేతిలో పెట్టాడు. రెండు అరచేతుల్లో ఇమిడేంత డబ్బా, మీద పదిహేడు ఉక్కు రేకులు వరసగా. పొడుగువి మధ్యలో, పొట్టివి రెండు కొసలకీ. బొటనవేళ్లతో మీటాలి. మీటితే పెట్టె అంతా వణుకుతుంది. ఆ వణుకుని ఆమె దవడకి ఆనించి చూసుకుని, ఇదే కావాలంది.

ఇంటికి వెళ్లడానికి నా బస్సే ఎక్కింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని టింగుమనిపించింది. సంగతంతా చెప్పింది.

"పరీక్ష పాట నేర్చుకుంటాను. మొత్తం పాట. ఆ ఏడాది అయ్యేలోగా ఆయన చెవి వెనక పెట్టి వాయిస్తాను."

నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, డాక్టరు మీద, హాలు మీద, ఆ ఏడాది మీద. కానీ నోరు ఉన్నది ఒక్కటే కదా.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఎందుకొచ్చిన తిప్పలు వదినా ఇవి?" అన్నాను.

అన్న మరుక్షణం నాలిక కరుచుకున్నాను. బస్సులో నలుగురూ విన్నారు. వదిన నా మొహంలోకి చూసి, నెమ్మదిగా, "టికెట్టు ఇవ్వు మరిదీ, దిగాలి" అంది. మూడు స్టాపులు ముందే దిగిపోయింది. వారం రోజులు నేను వాళ్లింటి గుమ్మం తొక్కలేదు. ఆఖరికి ఆమే కబురు చేసింది, పియానో టీచరు ఇల్లు చూపించడానికి తోడు రమ్మని. అది క్షమించడమని నేను అనుకున్నాను. 

టీచరు చిన్నపిల్ల, ముప్పై ఉండవు. ఆమె పనిచేసే బడి పియానో అన్నయ్యే చూసేవాడు. వదిన సిగ్గుపడుతూ పరీక్ష పాట పాడి వినిపించింది. టీచరు రెండు వరసలు వినగానే నవ్వి, పియానో ముందు కూర్చుని వాయించడం మొదలుపెట్టింది. అంతా మా పాటే. మాకిష్టమైన చోటు వచ్చింది. ఆమె అక్కడ ఆ స్వరం ఒక్కసారి నొక్కి వెళ్లిపోయింది.

"అక్కడ మూడుసార్లు కదమ్మాయ్?" అంది వదిన.

"కాదండీ, ఒక్కసారే. ఇదిగో చూడండి" అని పుస్తకం చూపించింది. వదిన నమ్మలేదు. నేనూ నమ్మలేదు, పుస్తకం తప్పేమో అన్నాను కూడా. టీచరు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, "బాబాయిగారు శ్రుతి చేశాక వాయించేవారు కదా. అక్కడికొచ్చాక ఆ మెట్టు మీద అనుమానం వచ్చి ఆగి చూసుకునేవారేమో" అంది.

ముప్పై ఏళ్లు మేం నెత్తిన పెట్టుకున్నది పాట కాదు, అన్నయ్య అనుమానం. దానికోసం నేను బస్సు కూడా ఆపించాను.  టీచరు మళ్లీ పియానో వైపు తిరిగి రెండో సగం వాయించింది. అది మాలో ఎవరమూ విననిది. మొదటి సగంలో గడప దగ్గర తటపటాయించిన పాట అక్కడ లోపలికి వచ్చి కూర్చుంటుంది. నాకు అంతకంటే బాగా చెప్పడం రాదు. వదిన కళ్లు తుడుచుకుని, "ఇన్నేళ్లూ సగం కథే విని నిద్రపోయానన్నమాట" అంది.

పది వేళ్ల పాటని రెండు వేళ్లకి దించడం మాటలు కాదు. టీచరు ఎడమచేతి స్వరాలు చాలా మటుకు తీసేసింది, ఉంచినవాటి కోసం ఒకే వేలిని పక్కపక్క రేకుల మీద జార్చడం నేర్పింది. నల్ల మెట్టు స్వరం ఒకటి కలింబాలో లేనే లేదు. దానికోసం ఒక రేకుని చిన్న సుత్తితో తట్టి కాస్త పైకి జరపాలి. కలింబా రేకుల మీద అంకెలు చెక్కి ఉంటాయి. పాటనంతా అంకెల్లోకి మార్చి, ఎడమ వేలికి ఒక వరస, కుడి వేలికి ఒక వరస చొప్పున వదిన నాలుగు పేజీలు టైపు కొట్టుకుంది. ఒక్క కొట్టివేత లేదు. అంతవరకు ఆమె రాజ్యం. వేళ్ల దగ్గరికి వచ్చేసరికి కుడి వెళ్లాల్సిన చోటికి ఎడమ పరుగెత్తేది. గోళ్లు ఎప్పుడూ పొట్టిగా కత్తిరించుకున్న మనిషి రెండు బొటనగోళ్లు పెంచింది. అవి పెరిగేలోగా వేళ్ల కొసలు బొబ్బలెక్కాయి. అన్నయ్యకి కనబడకుండా చేతులు వెనక్కి పెట్టుకునేది.

సాధన వంటగదిలో, తలుపు మూసి. అవతలి గదిలో అన్నయ్య. "సాధన చేసుకునేవాళ్లకి ఇంతకంటే అనుకూలమైన మొగుడు దొరకడు, ఎంత తప్పు వాయించినా విసుక్కోడు" అనేది. అని, మళ్లీ మొదటి పేజీ తిప్పేది. ఒక్కోరోజు నేను డ్యూటీ దిగి వెళ్లేసరికి అదే వరస పదోసారో ఇరవయ్యోసారో వాయిస్తుండేది. ఆ మూడు దెబ్బల దగ్గర వేళ్లు ఆమె మాట వినేవి కావు. ఒక్కసారి మీటు అని మెదడు చెప్పేది, ముప్పై ఏళ్ల అలవాటు మూడుసార్లు మీటేది. టైపిస్టుకి తప్పంటే ప్రాణం మీదికి వస్తుంది. "ఆయన ట్యూనరు మరిదీ. ఒక్క తప్పున్నా పట్టుకుంటారు" అనేది. ఆమె భయం తప్పు గురించి కాదని నాకు తెలుసు. ఏడాదిలో ఏడు నెలలు అప్పటికే అయిపోయాయి. వాయించడం వచ్చేసరికి వినడానికి అతనిలో ఏమీ మిగలదేమోనని ఆమె భయం.

ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం, నాలుగింటికి, నన్ను పిలిచింది. "ఆయన విసిరికొడితే పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి" అంది. అన్నయ్య కిటికీ దగ్గర ఉన్నాడు. అతని చేతికి ఒక చీటీ ఇచ్చింది. "పది నిమిషాలు తల కదపకండి. తర్వాత ఎంతసేపైనా తిట్టండి." అతను చదివి, నా వైపు చూసి, గొణిగి, సరేనన్నట్టు తల వంచాడు. వదిన ఎత్తు పీట ఒకటి జరుపుకుని వెనక కూర్చుంది. కలింబా అంచుని అతని కుడిచెవి వెనక ఎముకకి ఆనించింది. అతను పక్కకి జరగబోయాడు. మొదటి స్వరం మీటింది. అతను ఆగిపోయాడు.

ఆమె వాయిస్తోంది. నేను గుమ్మంలో నిలబడి అతని వీపు చూస్తున్నాను.  మాకిష్టమైన చోటు వచ్చింది. అన్ని నెలల సాధన గాలికి పోయింది. వేళ్లు మూడుసార్లే మీటాయి.

అన్నయ్య నవ్వాడు. ఆ ఇంట్లో మూడేళ్లుగా వినని నవ్వు.

"అది పాటలో లేదోయ్" అన్నాడు, తన గొంతు తనకి వినబడనివాళ్లు మాట్లాడినట్టు బిగ్గరగా. "అక్కడి తీగలు ఎప్పుడూ దిగిపోయేవి. చూసుకునేవాణ్ని. ముందుకు పోనియ్."

వదిన కళ్లనిండా నీళ్లు పెట్టుకుని ముందుకి పోనిచ్చింది. తను ఎప్పుడూ ఆగే చోటికి రాగానే అన్నయ్య అయిపోయిందనుకుని తల తీయబోయాడు. ఆమె మోచేతితో అతని భుజాన్ని నొక్కి ఉంచి, రెండో సగం మొదలుపెట్టింది. నలభై ఏళ్లు పియానోలు చూసిన మనిషి ఆ పాట చివర ఏమవుతుందో ఎప్పుడూ వినలేదు. కచేరీ మొదలయ్యేలోగా ట్యూనరు సంచీ సర్దుకుని వెళ్లిపోవాలి. ఆ మధ్యాహ్నం కదలకుండా కూర్చుని విన్నాడు.  అయిపోయాక చెయ్యి చాపాడు.

"ఆరో అంకె రేకు దిగింది. సుత్తి ఎక్కడ?"

బీరువా మీది సంచీ నేనే దింపాను.

ఆ రోజు నుంచి నాలుగింటికి అదొక కార్యక్రమమైంది. ముందు అన్నయ్య కలింబా అంచుని పళ్లతో పట్టుకుని ఒక్కో రేకూ మీటి చూసుకునేవాడు, సుత్తితో అటూ ఇటూ తట్టేవాడు. తర్వాత వదిన వెనక కూర్చుని వాయించేది. అతను మళ్లీ మాట్లాడటం, అరవడం, నా ఉద్యోగాన్ని వెక్కిరించడం మొదలుపెట్టాడు. హాలు ఉత్తరం గురించి కూడా ఒకసారి ఎత్తాడు. "ఆ పై వరస నిజంగానే అంత ఘోరంగా ఉందా?" అని అడిగాడు. వదిన "ఉంది" అని కాగితం మీద కొట్టి చూపించింది. అతను తల ఊపాడు. నేను ఆ ఇంట్లో గడిపిన రోజుల్లో మళ్లీ కావాలనిపించేవి అవే. నా పదిహేనో ఏడు కూడా వాటి తర్వాతే.

డాక్టరు లెక్క తప్పలేదు. మరుసటి వసంతంలో పియానో టీచరు చూడటానికి వచ్చింది. నేనూ ఉన్నాను. నాలుగయింది, అన్నయ్య పళ్ల మధ్య పెట్టె పెట్టుకుని, రేకులు మీటి, తట్టి, "సరిగ్గా ఉంది" అని వదినకి అందించాడు. వదిన వాయించింది. నాలుగు స్వరాలు విని టీచరు నా వైపు చూసింది. నాకు కూడా తెలుస్తోంది, హారను చెవులవాడికి కూడా. ఒక్క రేకు ఇంకో రేకుతో కలవడం లేదు. ఆ పాటని గుర్తుపట్టాలంటే ముందు తెలిసి ఉండాలి. వదిన వేళ్లు మాత్రం ఎక్కడా తడబడలేదు. మూడుసార్లు మీటాల్సిన చోట మూడుసార్లు మీటింది. అన్నయ్య కళ్లు మూసుకుని చివరిదాకా కూర్చున్నాడు.

వంటగదిలో టీచరు మెల్లగా అంది. "ఆంటీ, దాని శ్రుతి బాగా పోయింది. ఇటివ్వండి, ఐదు నిమిషాల్లో సరిచేసి ఇస్తాను."

"వద్దమ్మా. ఆయన శ్రుతి చేశారు" అంది వదిన.

టీచరు వెళ్లాక నేను అడిగాను. "అన్నయ్యకి వినబడటం లేదు కదూ వదినా?"

"చలికాలం నుంచే."

"నీకు తెలుసని ఆయనకి తెలుసా?"

"నేనడగలేదు. ఆయనా చెప్పలేదు."

"మరి ఎందుకు రోజూ ఇది?"

వదిన కప్పులు కడిగి బోర్లించింది. "రోజూ నాలుగింటికల్లా కుర్చీ ఆయనే జరుపుకుంటున్నారు మరిదీ" అంది.

ముందు గదిలోంచి అన్నయ్య కేకేశాడు, ఇందాక రెండో సగంలో తొందరపడ్డావు, ఇంకోసారి వాయించు అని. వదిన చేతులు తుడుచుకుని వెళ్లి పీట మీద కూర్చుంది. నాకు ఆరింటి డ్యూటీ ఉంది. అయినా వెళ్లకుండా గుమ్మంలో నిలబడి మొత్తం విన్నాను.